నలభై ఏడో హెచ్చరికకు మంచినీళ్ళు

"టూల్ చెప్పింది కదా!" అన్న మాట ఎక్కడ వినబడినా నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చెప్పడం వేరు, చప్పుడు చెయ్యడం వేరు. ఈ రెంటికీ తేడా తెలియని పెద్దమనిషి ఒకాయన, ఆ ఒక్క మాట పట్టుకుని, నేను చూసిన మనుషుల్లోకెల్లా జాగ్రత్తపరుడైన మనిషికి "నిర్లక్ష్యం" అని కాయితం రాసి ఉద్యోగం ఊడగొట్టబోయాడు. ఇన్నేళ్ళయినా ఆ కోపం చల్లారలేదు. అందులో నా మీద నాకున్న కోపం కూడా కలిసి ఉంది కాబట్టి ఇక చల్లారుతుందన్న ఆశ కూడా లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. రాజమండ్రిలో ఒక చీరల కొట్టు పై అంతస్తులో మా ఆఫీసు. మెట్లెక్కుతుంటే గంజి పెట్టిన కొత్త బట్టల వాసన వచ్చేది. లారీ కాటా ఎక్కగానే దాని బరువు ఎర్రటి అంకెల్లో చూపించే పెట్టె ఒకటి ఉంటుంది. ఆ పెట్టె లోపల నడిచే ప్రోగ్రాం మేం రాసేవాళ్ళం. మండపేట, అనపర్తి, ద్వారపూడి రైసు మిల్లుల వాళ్ళే మాకు పెద్ద గిరాకీ. మాది మండపేటే, మా నాన్నది ఇనప సామాను కొట్టు. బేరాల మధ్య పెరిగినదాన్ని కాబట్టి నాకు నోరు కాస్త ఎక్కువేనని అందరూ అనేవారు. ఆ నోరు సరిగ్గా కావలసిన రోజున పెగల్లేదు.

మా డైరెక్టరు గారు బెంగుళూరులో కొన్నేళ్ళు పనిచేసి సొంత ఊరు వచ్చి ఈ కంపెనీ పెట్టారు. ఆయనకున్న ఒక గర్వం, ఆయన స్వయంగా రాసిన టూల్. మేం రాసిన ప్రోగ్రాంని నడపకుండానే, ఊరికే మొదటి నుంచి చివరి దాకా చదివి, ఇదిగో ఈ లైనులో తేడా ఉండొచ్చు అని వార్నింగులు ఇచ్చేది. ఆలోచన గొప్పదే, కాదనను. పెట్టె మిల్లుకి వెళ్ళి బిగిసిపోయాక తప్పు బయటపడితే, మళ్ళీ బస్సెక్కి వెళ్ళి చిప్పు మార్చి రావాలి. ముందే తెలిస్తే ఎంత మేలు! కానీ తెలియాలి కదా. ఆ టూల్ మాట్లాడే భాష ఎవరికి తెలుస్తుంది?

ఉదాహరణకి నలభై ఏడో నంబరు వార్నింగు. "ఇంప్లిసిట్ కన్వర్షన్. పాసిబుల్ లాస్ ఆఫ్ సిగ్నిఫికెన్స్." అంతే. కింద లైను నంబరు. ఒక మోస్తరు ప్రోగ్రాం ఇస్తే ఇదే ముక్క రెండు వందల సార్లు వచ్చేది. అందులో నూట తొంభై తొమ్మిది ఉత్తవి. ఆ మిగిలిన ఒక్కటి ఏదో కనిపెట్టడం టూల్‌కి చేతకాదు, మాకు ఓపిక లేదు. పైగా గోడ మీద డైరెక్టరు గారి ఆర్డరు అంటించి ఉండేది: వార్నింగులు సున్నా అయితే తప్ప ఏ ప్రోగ్రామూ ఆఫీసు దాటకూడదు. సున్నా చెయ్యమన్నారు కానీ, అర్థం చేసుకోమని ఎక్కడా అనలేదు.

అక్కడే మా తెలివి పనిచేసింది. మా వైపు ఎవరైనా పని మీద బయల్దేరుతుంటే ఇంట్లో ఎవరో ఒంటి తుమ్ము తుమ్మారనుకోండి, వెళ్ళేవాడు వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరతాడు. తుమ్ము దేని గురించి హెచ్చరించిందో ఎవరూ అడగరు. నీళ్ళు తాగడంతో దాని లెక్క తీరిపోతుంది. మా ప్రోగ్రాముల్లో కూడా అలాంటి మంత్రం ఒకటుంది. టూల్ గొడవ పెడుతున్న సంఖ్య ముందు బ్రాకెట్లలో చిన్న మాట ఒకటి రాస్తే, "నాకు తెలిసే చేస్తున్నాను, నువ్వు ఊరుకో" అని దానికి అర్థం. టూల్ నోరు మూసుకుంటుంది. మా ఆఫీసులో దాని పేరే మంచినీళ్ళు. "నలభై దాటాయా, మంచినీళ్ళు పోసెయ్" అని ఒకళ్ళనొకళ్ళం వేళాకోళం ఆడుకునేవాళ్ళం. అంటే నలభై వార్నింగులు దాటాయా అని.

ఆ రోజుల్లోనే మాస్టారు చేరారు. మా ఆఫీసులో అందరికన్నా కొత్త ఉద్యోగి, అందరికన్నా వయసులో పెద్ద. కోనసీమలో పౌరోహిత్యం చేసే కుటుంబం. పదిహేనేళ్ళు ట్యుటోరియల్ కాలేజీలో లెక్కలు చెప్పి, అది మూతపడితే, నలభయ్యో ఏట కంప్యూటరు నేర్చుకుని వచ్చారు. ఆరు నెలల ప్రొబేషన్ మీద తీసుకున్నారు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, మంచంలో తల్లి. ఈ ఉద్యోగం పోతే మరో ఆఫీసు ఆయన్ని గుమ్మం ఎక్కనివ్వదని ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు.

చదువంతా తెలుగు మీడియం. చేరిన మొదటి వారంలో నలభై ఏడో వార్నింగు వస్తే, సంచిలోంచి డిక్షనరీ తీసి చూసుకున్నారు. తరవాత నా కుర్చీ దగ్గరికి వచ్చి ఎంతో మర్యాదగా అడిగారు.

"ఏమ్మా, సిగ్నిఫికెన్స్ అంటే ప్రాముఖ్యం అని ఉందండి. ప్రాముఖ్యం పోయే అవకాశం ఉంది అంటోందిది. ఎవరి ప్రాముఖ్యం అంటారు?"

ఆఫీసంతా ఘొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ ఆఫీసులో ఆ వార్నింగుని పూర్తిగా చదివి, దానికి అర్థం ఉంటుందని నమ్మి, డిక్షనరీ తీసిన మొదటి మనిషి ఆయన. మేం నవ్వాం.

"అది ఒంటి తుమ్ము మాస్టారూ. ఇలా మంచినీళ్ళు పోసేసి బయల్దేరిపోవడమే" అని ఆయన కీబోర్డు లాక్కుని, ఎలా పొయ్యాలో నేనే చేసి చూపించాను. ఆయన నోటుబుక్కులో రాసుకున్నారు.

ఐదో నెల నడుస్తుండగా మండపేట మిల్లు నుంచి ఫోను వచ్చింది. కొత్తగా పెట్టిన పెట్టె పిచ్చి పిచ్చిగా చూపిస్తోందని. అందులో బరువు చూపించే భాగం మాస్టారు రాసినది. నేనూ ఆయనా మొదటి బస్సుకి వెళ్ళాం. కాటా మీద బియ్యం బస్తాలతో ట్రైలరు లారీ. దాని వెనక రోడ్డు దాకా లారీలు. జట్టు కూలీలు నీడన కూర్చుని మమ్మల్నే చూస్తున్నారు. పెట్టె మీద ఎర్రగా మైనస్ ముప్పై ఒక్క వేల ముప్పై ఆరు.

కాటా గుమస్తా గారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "రండి రండి, మీకోసమే చూస్తున్నామండి. ఏంటండీ ఇదీ? లారీ బరువు ముప్పై ఒక్క వేలు తక్కువంట! అంటే మేం ఎదురు బస్తాలేస్తే సున్నాకొస్తదా? ఇంకో నాలుగేస్తే నేల మీద ఆనుద్దాండీ?"

కూలీలు నవ్వారు. మాస్టారు నవ్వలేదు. జేబులోంచి చిన్న పెన్సిలు తీసి, చీటీ మీద ఏదో కూడి, తీసేసి, "లారీ బరువు ముప్పై నాలుగు వేల ఐదు వందల కిలోలండి" అన్నారు నెమ్మదిగా. పక్క మిల్లు కాటా మీద తూయిస్తే అంతే వచ్చింది. గుమస్తా కాసేపు వెటకారం మానేశాడు.

సంగతి ఇదీ. ప్రోగ్రాంలో బరువు అంకె పెట్టుకోవడానికి ఇచ్చిన చోట్లో ముప్పై రెండు వేల ఏడు వందల అరవై ఏడు దాకానే పడుతుంది. బస్తా ధాన్యం తెచ్చి కుంచంలో పోస్తే కింద ఒలుకుతుంది, అది కంటికి కనబడుతుంది. ఇక్కడ ఒలకదు. అంకె గిరుక్కున తిరిగి మైనస్సులోకి పోతుంది. చిన్న లారీలే వచ్చినన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు. ట్రైలరు వచ్చాక తెలిసింది.

ఆ సాయంత్రమే మీటింగు. డైరెక్టరు గారు మాస్టారి లైన్లో బ్రాకెట్ల మాట తీసేసి మళ్ళీ టూల్ నడిపి, ఆ ప్రింటు బల్ల మీద పరిచారు. ఎర్ర గీత గీసిన లైను మీద వేలు పెట్టారు.

"టూల్ చెప్పింది కదా! నలభై ఏడో నంబరు. లైను నంబరుతో సహా చెప్పింది. మాస్టారు దాని నోరు నొక్కేశారు. దీన్ని నెగ్లిజెన్స్ అనక ఏమనాలి? ప్రొబేషన్ అయిపోవడానికి ఇంకా నెల కూడా లేదు. ఇలాంటివి ఫైల్లో పెట్టాల్సి ఉంటుంది." ఆ మాటకి అర్థం అందరికీ తెలుసు. కాయితం ఫైల్లోకి వెళితే మాస్టారు ఇంటికి వెళ్ళాలి.

మాస్టారు లేచి నిలబడ్డారు. పిల్లలకి పాఠం చెప్పిన మనిషి పిల్లాడిలా నిలబడ్డారు. "నా లైనేనండి. తప్పు నాదే."

"అసలు ఇలా నోరు నొక్కడం మీకెవరు నేర్పారు?"

మాస్టారు నా వైపు చూడలేదు. ఒక్క క్షణం ఆలోచించి, "ఎవరూ నేర్పలేదండి" అన్నారు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి మెడ మీదికి పోయింది. నోరు మాత్రం తెరవలేదు. బేరాల్లో పెరిగిన నోరు. కూరగాయల బండి దగ్గర అర్ధరూపాయి కోసం లేచే నోరు. అందరూ లేచి వెళ్ళిపోయారు, నేనూ లేచి వెళ్ళిపోయాను.

మర్నాడు ఆ లైను సరిచెయ్యమని నాకే అప్పగించారు. ఫైలు తెరిచాను. మీటింగులో పరిచిన ప్రింటులో ఆ లైను సగమే పడింది, పొడుగు ఎక్కువై చివర తెగిపోయింది. ఆ తెగిపోయిన చివర మాస్టారు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకున్నారు. "32,767 దాటితే ఏమవుతుంది? అడగాలి."

అప్పుడు గుర్తొచ్చింది. ఆయన అడగడానికి వచ్చారు. మూడు నెలల కిందట ఒక మధ్యాహ్నం నా కుర్చీ పక్కన నిలబడి, "ఏమ్మా, ఇక్కడ ముప్పై రెండు వేలు దాటితే..." అన్నారు. నేను తల తిప్పకుండానే, మాట పూర్తి కానివ్వకుండానే, "నలభై ఏడేగా మాస్టారూ, మంచినీళ్ళు పోసెయ్యండి" అన్నాను. ఆయన సరేనమ్మా అని వెళ్ళిపోయారు.

అరికాలి మంట నెత్తికెక్కింది. డైరెక్టరు గారి మీదా, ఆ టూల్ మీదా, నా మీదా. ఎవరి వాటా ఎంతో విడదీసే తీరిక లేదు. తలుపు కొట్టకుండానే ఆయన గదిలోకి వెళ్ళాను.

"సార్, మాస్టారికి మంచినీళ్ళు పొయ్యడం నేర్పింది నేనే."

"మంచినీళ్ళేంటమ్మా?"

ఆయనకి ఆ మాటే తెలియదు! తన టూల్ గురించి తన ఆఫీసంతా ఏడాదిగా ఏమని నవ్వుకుంటోందో ఆయన చెవిన పడలేదు. అంతా చెప్పాను. విని, "అయితే మరీ మంచిది. టూల్ చెబుతూనే ఉంది, మీరందరూ కలిసి నొక్కేశారన్నమాట" అన్నారు.

"ఏం చెప్పింది సార్? మీ టూలే కదా, మీరు చదివి చెప్పండి. ఈ లైను దగ్గర ఏం తప్పంటోంది?"

"లాస్ ఆఫ్ సిగ్నిఫికెన్స్."

"అంటే?"

"అంటే పెద్ద నంబరు చిన్న చోట పట్టదు."

"ఎంత చోటు? ఎంత నంబరు? ఎప్పుడు పట్టదు? పట్టకపోతే ఏమవుతుంది?"

ఆయన ప్రింటు చూశారు. మాన్యువల్ తీశారు. కళ్ళజోడు సర్దుకున్నారు. కాయితం మీద లెక్క వెయ్యడం మొదలుపెట్టారు.

"రాసిన మీకే ఇంతసేపు పడుతోంది సార్. అది రెండు వందల సార్లు చెబుతుంది, మాకు సున్నా కావాలని మీరు గోడ మీద రాశారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, చెప్పడం రాని టూల్‌ని వదిలేసి, వినలేదని మాస్టారిని పంపేస్తారా? ఆ కాయితం మీద పేరు రాయాలంటే ముందు నాది రాయండి."

ఆయన లెక్క వేస్తున్న కాయితం పక్కకి తోశారు. చివరికి, "సరేనమ్మా, అంత తెలిసినదానివి నువ్వే మార్చి చూపించు. సోమవారం దాకా లెటరు నా సొరుగులో ఉంటుంది" అన్నారు.

నాలుగు రోజుల గడువుంది. మొదట నేను రాసిన వార్నింగు మాస్టారికి చూపించాను. మా ఊరి మర్యాదంతా ఒలకబోసి రాశాను. దయచేసి ఈ లైను ఒకసారి సరిచూసుకోగలరు, అని.

ఆయన నిట్టూర్చారు. "దయ దేనికమ్మా? తప్పేంటో చెబితే అదే దయ. నేను పిల్లల నోట్సు దిద్దేటప్పుడు ఉత్త 'తప్పు' అని ఎప్పుడూ రాసేవాణ్ణి కాదండి. అలా రాస్తే వాడు ఏం చేస్తాడంటారు? ఆ ఎర్ర సిరా పోయేదాకా జవాబు మారుస్తాడు. లెక్క మాత్రం రాదు. ఎక్కడ తప్పాడో, అక్కణ్ణించి ఎటు వెళ్ళాలో రాయాలి."

ఆ మాటలు పక్కన పెట్టుకుని రాశాను. కొట్టేశాను. మళ్ళీ రాశాను. చివరికి ఇంగ్లీషులో తేలిన మాట తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: "ఈ చోట 32,767 దాకానే పడుతుంది. ఇక్కడికి వస్తున్న 'బరువు' అంతకు మించవచ్చు. మించితే మైనస్‌గా మారవచ్చు. చోటు పెంచండి. మించదని మీకు నమ్మకమైతే, ఎందుకో పక్కన రాయండి." మంచినీళ్ళు ఇక ఊరికే పొయ్యడానికి లేదు. 'కారణం' అని పెట్టి ఎందుకో రాయకపోతే టూల్ ఊరుకోదు. వచ్చే సంఖ్య ఎప్పటికీ ఆ హద్దు దాటదని టూల్‌కే తెలిసేచోట అసలు నోరెత్తదు. ఆ ఒక్క మార్పుతో రెండు వందలు కాస్తా పదమూడుకి దిగాయి.

సోమవారం పొద్దున ఆఫీసులో ఉన్న పాత ప్రోగ్రాములన్నిటి మీదా కొత్త టూల్ నడిపించాం. కారణం లేకుండా నీళ్ళు పోసిన లైన్లు, ఎవరివి వారి పేర్లతో వచ్చాయి. నావి అరవై మూడు. డైరెక్టరు గారు మొదట్లో స్వయంగా రాసిన ప్రోగ్రాముల్లోవి నలభై ఒకటి. మాస్టారిది ఒక్కటి. పక్కన ఏదో ఒకటి రాసి ఉన్నది కూడా ఆ ఒక్కదానికే. అది కారణం కాదు, ప్రశ్న. ముందు 'కారణం' అన్న మాట లేదు కాబట్టి టూల్ దాన్ని కూడా పట్టుకుంది.

డైరెక్టరు గారు తన నలభై ఒకటీ చదువుకున్నారు. సొరుగు తీశారు. ఆ కాయితం నాలుగు మడతలు పెట్టి తన జేబులో వేసుకున్నారు. చింపలేదు. మాస్టారిని పిలిచి ఒక్క మంచి మాట అనలేదు. నెలాఖరుకి ఉద్యోగం పర్మనెంటు చేసినట్టు లెటరు టైపు చేయించి ఆయన బల్ల మీద పెట్టించారు. తప్పు తమదైతే మనుషుల చేతుల్లో కాయితాలు ఎంత నిశ్శబ్దంగా మడతపడతాయో అప్పుడు చూశాను. ఆయనా నేనూ ఒక జాతేనని కూడా అనిపించి, నా కోపం పూర్తిగా ఆయన మీదే పడలేదు.

కొత్త చిప్పు పట్టుకుని మళ్ళీ మండపేట వెళ్ళాం. ట్రైలరు కాటా ఎక్కింది. ముప్పై మూడు వేల తొమ్మిది వందల ఎనభై. గుమస్తా అంకెల వైపు అనుమానంగా చూసి, "ఎదురు బస్తాలక్కర్లేదన్నమాట. మంచిదండి, మజ్జిగ తాగి వెళ్ళండి" అన్నాడు.

తిరుగు బస్సులో చెరో కిటికీ పక్కన ముందూ వెనకా సీట్లు దొరికాయి. కడియం దాటాక నేను వెనక్కి తిరిగి, అన్నాళ్ళుగా గొంతులో ఉన్నది అడిగేశాను.

"మాస్టారూ, ఆ రోజు మీటింగులో నా పేరు ఎందుకు చెప్పలేదు? నన్ను కాపాడాలనా?"

ఆయన నిజంగా ఆశ్చర్యపోయారు.

"కాపాడ్డమేంటమ్మా? ఆయన అడిగింది ఎవరు నేర్పారని కదండీ. నేర్పడమంటే ఎందుకో కూడా చెప్పాలి. మీరు ఎందుకో చెప్పలేదు కదా. అందుకని ఎవరూ నేర్పలేదన్నాను. ఉన్నమాటే."

ఆయన గొంతులో కోపం లేదు, దెప్పడం లేదు. పదిహేనేళ్ళు లెక్కలు చెప్పిన మనిషి ఒక మాటకి సరైన అర్థం చెప్పారు, అంతే. నేను ముందుకి తిరిగి కూర్చున్నాను. రాజమండ్రి వచ్చేదాకా మళ్ళీ వెనక్కి తిరగలేదు.